ఆ గీతలు దుమ్ము కావు

సదస్సుల్లో ఒక మాట తరచుగా వింటున్నాను. పాత నెగటివ్‌లూ స్లయిడ్లూ స్కాన్ చేసేస్తే చరిత్ర భద్రమట. ఎవరి చరిత్ర? ఎంత మేరకు భద్రం? ఈ ప్రశ్నలు అడక్కుండానే చప్పట్లు కొట్టేస్తున్నాం. నేనూ కొట్టినదాన్నే. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

పలాసలో మూతపడిన ఒక ఫోటో స్టూడియో నెగటివ్‌లు రెండు రేకు పెట్టెల్లో నా చేతికొచ్చాయి. చాలావరకు 120 ఫిల్ము, నలుపు తెలుపు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు తడిసి కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవాటిలో పెళ్ళిచూపులకు పంపే ఫోటోలే ఎక్కువ. టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళ ఆడపిల్లలు. కవర్ల మీద ఫలానావారి అమ్మాయి అని తండ్రి పేరుంది. అమ్మాయి పేరు లేదు.

మూతలో కూడా దీపం ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నాను. కాగితం ఫోటోకి కింది వెలుతురు చాలు. ఫిల్ములోంచి మాత్రం వెలుతురు దూరి రావాలి. 2400 డీపీఐలో పెడితే ఆ చదరపు నెగటివ్ ఒక్కో వైపు సుమారు 5,300 చుక్కలవుతుంది. అంత పెద్దగా చూస్తే ముఖాల మీద సన్నటి గీతలు, చుక్కలు కనిపించాయి. దుమ్మనుకుని దుమ్ము తొలగించే మీట నొక్కాను. ముఖం మధ్యకు వచ్చేలా అంచులు కత్తిరించాను. ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

ఉద్దానంలో ఒక ఊళ్ళో, ఆ ఫోటోల్లో ఒకామెను వెతికి పట్టుకుని లాప్‌టాప్‌లో చూపించాను. చిన్నప్పటి నుంచీ జీడిపిక్కలు కొట్టిన మనిషి. చాలాసేపు చూసి, “ఇది నాను కాదమ్మా” అంది. “నానింత తెలుపా? నా సేతులేవి?”

అసలు నెగటివ్ కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాం. చేతులున్నాయి. ఒళ్ళో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న చేతులు. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లటి మరకై నిలిచిపోతుంది. పెళ్ళివారికి పంపే కాగితం మీద స్టూడియో ఆ చేతుల్ని వదిలేసి ముఖమే అచ్చువేసింది. నెగటివ్ మాత్రం వాటిని దాచింది. ఇన్నేళ్ళ తర్వాత స్త్రీవాద పరిశోధకురాలినని చెప్పుకునే నేను వచ్చి, స్టూడియో చేసిన పనే మళ్ళీ చేశాను.

ఇక ఆ గీతలు దుమ్ము కావు. పెన్సిల్ గీతలు. నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దితే ఆ చోట ప్రింటు తెల్లబడుతుంది. పాత స్టూడియోల్లో ఇది మామూలు పని. నల్లగా ఉంటే పెళ్ళి కాదన్న ఊరి మాటకు రాతపూర్వకమైన సాక్ష్యం ఆ పెన్సిల్ గీతలే. రంగు ఫిల్ముపై పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తించే పద్ధతి ఉంది. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి అది ఇక్కడ పనిచేయదు. ఏది దుమ్మో ఏది గీతో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. ఆ ఊహకు మనం చరిత్రను అప్పజెబుతున్నాం.

స్లయిడ్‌నైతే వెలుతురుకు ఎత్తి, తెర మీది రంగుతో పోల్చుకోవచ్చు. నెగటివ్‌కు ఆ వీలు లేదు. ఆమె ఎంత నలుపో నిర్ణయించేది స్కానర్ ముందు కూర్చున్న మనిషే. ఇది సాంకేతిక విషయమని పక్కన పెట్టేద్దామా?

అన్నీ స్కాన్ చేయలేం, ముఖ్యమైనవే ఎంచుకోవాలంటారు. ముఖ్యమైనవంటే ఏవి? ఈ ప్రాంతపు స్త్రీల పేర్లు తూటా తగిలితేనే చరిత్రకెక్కాయి. 1940లో మందస రైతుపోరాటంలో గున్నమ్మ, 1969లో పంచాది నిర్మల. వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. కానీ తూటా తగలకుండా బతికి, పిక్కలు కొట్టి, చేతులు కాల్చుకున్నవాళ్ళ సంగతేమిటి? 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాట స్త్రీల మాటల్ని పుస్తకంలోకి తెచ్చింది. 1988లో ముంబైలో మొదలైన స్పారో స్త్రీల గొంతుల్నీ బొమ్మల్నీ భద్రపరుస్తోంది. మన విశ్వవిద్యాలయాల స్త్రీ అధ్యయన కేంద్రాలు ఊరి స్టూడియోల రేకు పెట్టెల గురించి ఎప్పుడు ఆలోచిస్తాయి?

ఆలోచించినప్పుడు ఈ నాలుగూ పాటించాలి. అంచులతో సహా మొత్తం ఫ్రేమును స్కాన్ చేయాలి. దిద్దని ప్రతి ఒకటి విడిగా ఉంచాలి. స్కాన్ అయిందని నెగటివ్ పారేయకూడదు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఆ ఫోటోలోని మనిషిని అడగాలి. నెగటివ్ స్టూడియోది కావచ్చు, పరిశోధన నాది కావచ్చు, ముఖం మాత్రం ఆమెది.

నేను అడిగాను. ఆమె తడుముకోకుండా చెప్పింది. “మొకం ఎయ్యొద్దమ్మా. మనవరాలికి సంబంధాలు సూస్తన్నాం. సేతులైతే ఏసుకో.”

పెన్సిల్ ఇంకా ఊళ్ళోనే ఉందన్నమాట. చేతులు మాత్రమే వేస్తే నేను మళ్ళీ ఆమెను కత్తిరించినట్టే. అందుకే ఈ వ్యాసంతో ఏ ఫోటో పంపడం లేదు.