శకుని లేని ద్యూతం సురక్షితమా?

శ్రీ గురుభ్యో నమః.



న్యూజెర్సీలో స్థిరపడిన ఒక తెలుగు గృహస్థుడు గత మాసంలో నాకు ఫోను చేశాడు. తాతగారి కాలం నుండి వారిది మా ఆలయాన్ని ఆశ్రయించుకొని ఉన్న కుటుంబం. "గురువుగారూ, ఇక్కడ ఆన్‌లైన్ కాసినోలకు ప్రభుత్వ లైసెన్సు ఉంది. మోసానికి తావు లేదు. నెలకు ఇంత అని హద్దు పెట్టుకొనే ఆడుతున్నాను. శుక్రవారం నా గోత్రనామాలతో లక్ష్మీ అష్టోత్తరం జరిపించండి, కాస్త కలిసి రావాలి" అన్నాడు. "నాయనా, నీ ఆయురారోగ్యాల కొరకు అర్చన తప్పక చేస్తాను. ద్యూతజయం కొరకు సంకల్పం మాత్రం చెప్పను" అన్నాను. అతడు నొచ్చుకున్నాడు. "లైసెన్సు ఉన్నచోట దోషమేమిటో మీరే చెప్పండి" అని అడిగాడు.

అది న్యాయమైన ప్రశ్న. లైసెన్సు చూసుకోండి, హద్దు పెట్టుకోండి, పోయిన సొమ్ము కోసం వెంటపడకండి అని కొత్తవారికి "సురక్షిత క్రీడ" బోధించే మార్గదర్శకులు నేడు కోకొల్లలు. ఈ జాగ్రత్తలు అబద్ధాలని నేను అనను. వీటిని పాటించినవాడు సురక్షితుడు అనే నిగమనమే అబద్ధం. లైసెన్సు పాచికల నిజాయితీకి హామీ ఇస్తుంది. పాచికలు పట్టినవాడి మనస్సుకు హామీ ఇవ్వదు. ఈ విషయాన్ని మన పెద్దల పద్ధతిలో పూర్వపక్షం, సమాధానం అనే క్రమంలో విచారిద్దాం.

మొదటి పూర్వపక్షం: భారతంలో అనర్థానికి మూలం శకుని కపటం. కపటం తొలగితే అది వినోదమే కదా?

సమాధానం: శకుని కపటి అనడంలో సందేహం లేదు. అయితే ధర్మరాజు ఆ కపటం వెనుక దాక్కోలేదు. అరణ్యపర్వంలో భీమసేనుడు నిందించినప్పుడు ఆయన తన అంతరంగాన్ని విప్పి, దుర్యోధనుని రాజ్యాన్ని అపహరించాలనే కోరికతోనే తాను పాచికలు పట్టినట్లు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును మన పురాణ ప్రవచనాలలో అరుదుగా వింటాం. ఉద్యోగపర్వంలో బలరాముడు కూడా దోషం యుధిష్ఠిరునిదేనని సభలోనే అన్నాడు. సాత్యకి ఆయనతో విభేదించాడు, అది వేరే సంగతి. అన్నిటికన్న ముఖ్యమైనది అనుద్యూతం. మొదటి జూదంలో సర్వస్వమూ పోయింది. ద్రౌపది పొందిన వరాల పుణ్యమా అని పోయినదంతా తిరిగి వచ్చింది. ఇంటికి పోతున్నవాడిని దారిలో మళ్ళీ పిలిచారు. శకుని ఎవరో అప్పటికి తెలిసి కూడా ఆయన వెనుదిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ రెండవసారి ఆయనను కూర్చోబెట్టినది అజ్ఞానం అనగలమా? ధర్మమూర్తి అంతటివానికే తప్పని ఆకర్షణ, సెల్‌ఫోను చేతబట్టిన సామాన్యుడికి తప్పుతుందా?

ఇక కపటం లేని ఆటనే పరిశీలిద్దాం. అమెరికాలో విరివిగా కనిపించే రూలెట్ చక్రంలో 38 గళ్ళు ఉంటాయి. ఒక అంకె మీద ఒక డాలరు పెట్టి గెలిస్తే ముప్పై అయిదు డాలర్లు ఇచ్చి, పెట్టిన డాలరు తిరిగి ఇస్తారు. 38 గళ్ళ మీదా ఒక్కొక్క డాలరు పెట్టినవాడికి చేతికి వచ్చేది 36. రెండు డాలర్లు సంస్థవి. అంటే ప్రతి నూరు డాలర్ల పణంలో సగటున 5.26 డాలర్లు సంస్థకు చెందుతాయి. సున్న ఒక్కటే ఉండే ఐరోపా చక్రంలో 37 గళ్ళు, అక్కడ సంస్థ భాగం 2.70. గంటలో అరవై మారులు పది డాలర్ల చొప్పున ఆడితే పణం మొత్తం 600 డాలర్లు; సగటు నష్టం సుమారు 31 డాలర్ల 50 సెంట్లు. ఒకరోజు గెలుపు రావచ్చు, మరునాడు కూడా రావచ్చు. ఆట సాగినకొద్దీ లెక్క తన దారికి తాను వస్తుంది. లైసెన్సు ఇచ్చే అధికారి పరీక్షించేది ఈ లెక్క చెప్పినట్లే నడుస్తున్నదా లేదా అని. కనుక లైసెన్సు ఉన్న ఆటలో నీవు న్యాయబద్ధంగా ఓడిపోతావు. శకుని స్థానంలో గణితశాస్త్రం కూర్చున్నది. దానికి రాగద్వేషాలు లేవు, అలసట అసలే లేదు.

రెండవ పూర్వపక్షం: రాజానుమతితో జూదశాలలు నడపవచ్చునని స్మృతులే చెప్పాయి కదా?

సమాధానం: ఇది చదువుకున్నవారు వేసే ప్రశ్న, దీనిని దాటవేయరాదు. మనువు ప్రాణం లేని సాధనాలతో ఆడేదానిని ద్యూతమనీ, ప్రాణులతో ఆడేదానిని సమాహ్వయమనీ విభజించి, రెండింటినీ రాజు తన రాజ్యం నుండి తొలగించాలన్నాడు. సంక్రాంతికి గోదావరి జిల్లాలలో మనం ముచ్చటగా చెప్పుకొనే కోడిపందెం ఈ సమాహ్వయంలోనే చేరుతుంది. యాజ్ఞవల్క్యుడు వేరు మార్గం చెప్పాడు. జూదశాల నడిపే సభికుడు గెలుపు సొమ్ము నుండి నూటికి ఐదు వంతున, కొన్ని సందర్భాలలో పది వంతున తీసుకొని, రాజుకు రాజభాగం చెల్లించాలన్నాడు. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుడినే నియమించి, పాచికలు కూడా అతడే ఇవ్వాలని విధించాడు. నేటి లైసెన్సు విధానానికి ఇవి పూర్వరూపాలే.

అయితే ఈ అనుమతికి వారు చూపిన కారణం ఏమిటి? జూదాన్ని ఒక్కచోటికి చేర్చితే దొంగలనూ, గుప్తంగా జీవించేవారినీ గుర్తించవచ్చునని. ఆడేవాడికి శ్రేయస్సు కలుగుతుందని యాజ్ఞవల్క్యుడూ చెప్పలేదు, కౌటిల్యుడూ చెప్పలేదు. వారి అనుమతి పాలనకు సంబంధించిన ఏర్పాటు. విషం అమ్మే దుకాణానికి లైసెన్సు ఉంటుంది. దానివల్ల విషం పథ్యం కాదు. న్యూజెర్సీ రాష్ట్రం 2013లో ఆన్‌లైన్ కాసినోలను అనుమతించి, వాటి ఆదాయంపై మొదట నూటికి 15 వంతున పన్ను విధించింది. 2025లో దానిని 19.75కు పెంచింది. రాజభాగం పెరిగింది. ఆ రాజభాగం ఎవరి ఓటమి నుండి వస్తున్నదో ఆడేవాడే ఆలోచించుకోవాలి.

మూడవ పూర్వపక్షం: మేము ఆడేది అదృష్టంతో కాదు, నైపుణ్యంతో. నలుడు అక్షహృదయం నేర్చి రాజ్యాన్ని తిరిగి గెలవలేదా?

సమాధానం: మన తెలుగునాట రమ్మీ ఆడేవారి నోట ఈ మాట వినని రోజు లేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1960ల దశకంలో సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన మాటను కంపెనీలు దశాబ్దాల పాటు కవచంగా ధరించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అనే భేదం పాటించకుండా, డబ్బు పణంగా ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. వాటిని నిర్వహించేవారికి మూడు సంవత్సరాల వరకు కారాగారం, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వాటి ప్రకటనలూ, వాటికి బ్యాంకులు చేసే చెల్లింపులూ నిషిద్ధాలే. కనుక భారతదేశంలో కూర్చున్నవాడికి ఏదో ద్వీపం ఇచ్చిన లైసెన్సును చూపి "ఇది సక్రమం" అని చెప్పే ప్రకటన మొదటి వాక్యంలోనే మోసం చేస్తున్నది.

నలుని మాటకు వద్దాం. కలి పన్నెండేళ్ళు కాచుకొని, ఒకనాటి స్వల్పమైన శౌచలోపాన్ని ఆధారం చేసుకొని నలునిలో ప్రవేశించాడు. ఆ తరువాతనే ఆ మహారాజు నెలల తరబడి పుష్కరునితో జూదంలో మునిగాడు. మంత్రుల మాట, పౌరుల మొర, దమయంతి విన్నపం, ఏదీ ఆయన చెవికెక్కలేదు. దమయంతి పిల్లలను సారథి వార్ష్ణేయునితో పుట్టింటికి పంపి వారినైనా కాపాడుకున్నది. తరువాత ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం లభించిన క్షణంలోనే కలి నలుని దేహం విడిచి పోయాడు. ఈ క్రమాన్ని గమనించండి. విద్య దక్కినచోట కలి నిలువలేదు. కలి వీడిన నలుడు ఒక్క పణంతో రాజ్యం గెలిచి, ఓడిన పుష్కరుని క్షమించి, అతడి భాగం అతడికి ఇచ్చి పంపి, ఆటతో పని ముగించాడు. నైపుణ్యం ఉన్నదని చెప్పుకొనేవారిని నేను ఒక్కటే అడుగుతాను. మీరు గెలిచిన రోజున లేచి వచ్చి, మళ్ళీ కూర్చోకుండా ఉండగలిగారా?

నాలుగవ పూర్వపక్షం: గీతలో భగవంతుడు తానే ద్యూతమన్నాడు కదా?

సమాధానం: విభూతియోగంలో ద్యూతం ప్రస్తావన వచ్చినది వంచన చేసేవాటి వరుసలో. ఏ వర్గంలో చేర్చాడో స్వామియే స్పష్టం చేశాక మనం దానిని వినోదాల వర్గంలోకి మార్చలేము. అదే అధ్యాయంలో ఆయన తాను మృత్యువునని కూడా అన్నాడు. అందుకని మృత్యువును ఇంటికి పిలిచి పీట వేస్తామా?

ఐదవ పూర్వపక్షం: హద్దు పెట్టుకొని ఆడేవాడికి ఏమి ప్రమాదం?

సమాధానం: ఋగ్వేదం దశమ మండలంలో 34వది అక్షసూక్తం. అందులో మాట్లాడేవాడు కితవుడు, అంటే జూదరి. ఆనాటి పాచికలు తానికాయలు. మన ఇళ్ళలో త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల సరసన చేరే కాయలే. ఆ సూక్తంలో ఎదుటివాడు మోసగించాడని కితవుడు ఒక్కమాట అనడు. తనను ఏనాడూ కసరని భార్యను తానే దూరం చేసుకున్నాననీ, అత్త అసహ్యించుకొంటున్నదనీ, కన్నవారూ సోదరులూ తాము ఎరుగమంటున్నారనీ వాపోతాడు. ఇక వెళ్ళనని నిశ్చయించుకుంటాడు; పాచికల చప్పుడు వినగానే వెళతాడు. హద్దు పెట్టుకోవడం ఆనాడూ ఉంది. ఆ హద్దును గీసినదీ చెరిపినదీ ఒకే చేయి. సూక్తం చివరికి అతడికి వినిపించే ఉపదేశం తక్కువగా ఆడమని కాదు. ఆట వదలి పొలం దున్నుకొమ్మని.

విషయచింతన నుండి సంగం, సంగం నుండి కామం, అక్కడి నుండి క్రోధం, సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం అని గీతాచార్యుడు చూపిన సోపానక్రమం సాధకులందరికీ తెలిసినదే. డబ్బుకు పెట్టిన హద్దు ఈ మెట్లలో చివరిదాని దగ్గర కాపలా కాస్తుంది. మొదటి మెట్టు అర్ధరాత్రి ఫోనులో మెరిసిన "మీకు ఉచిత బోనస్" అనే సందేశం. అక్కడ కాపలా లేదు. ఆధునిక వైద్యులు కూడా దీనిని కేవలం దురలవాటుగా చూడడం లేదు. అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం 2013లో జూదవ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల ప్రకరణంలోనే చేర్చింది. హద్దు పెట్టుకొని ఏళ్ళ తరబడి ఆడినవారు లేరా అంటే ఉన్నారు. తాను ఏ కోవకు చెందుతాడో మొదటి పణం పెట్టేనాడు ఎవరికీ తెలియదు. ఆ అజ్ఞానమే అసలు జూదం.

ఇక్కడ నా వృత్తిబాంధవులకు ఒక మాట చెప్పక తప్పదు, అందులో నేనూ ఉన్నాను. కొన్ని సంవత్సరాల క్రితం ఒక యువకుడు "ధనయోగం" కొరకు వరుసగా అర్చనలు చేయించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. దక్షిణ తీసుకున్నాను, ఆశీర్వదించాను. అతడి తల్లి తాకట్టులో ఉన్న మంగళసూత్రం సంగతి చెప్పి ఆలయ మంటపంలో ఏడ్చిననాడు నాకు తెలిసింది, నా ఆశీర్వాదం ఏ పణానికి ధైర్యమిచ్చిందో. రాహుకేతువుల పేరు చెప్పి అదృష్టసంఖ్యలు ఇచ్చేవారు, జూదానికి ముహూర్తం పెట్టేవారు నేడు మనలోనే ఉన్నారు. లక్ష్మీదేవిని సభికునికి దాసిగా నిలిపే సంకల్పం చెప్పిన నోటితో మనం మంత్రపుష్పం ఎలా చదువుతాం? సంకల్పానికి ముందు "దేనికోసం నాయనా?" అని అడగడం ఇకనైనా మనం అలవరచుకోవాలి.

చివరగా, ఇప్పటికే చిక్కుకున్నవారికి. సిగ్గుపడి దాచకండి; దాచినకొద్దీ అప్పు పెరుగుతుంది. ఈ రాత్రే భార్యకో, భర్తకో, తల్లిదండ్రులకో పూర్తి లెక్క చెప్పండి. జీతం వచ్చే ఖాతాను కొంతకాలం వారి చేతికి అప్పగించండి. పోయిన సొమ్ము రాబట్టడానికి మరొక అప్పు చేయకండి, అది అనుద్యూతం. భారతదేశంలో ఉన్నవారు 14416 సంఖ్యకు, అంటే టెలి మానస్‌కు ఫోను చేసి మనోవైద్య సలహా పొందవచ్చు. న్యూజెర్సీలో ఉన్నవారు ఒక సంవత్సరానికో, ఐదు సంవత్సరాలకో తమను ఆటల నుండి బహిష్కరించమని ప్రభుత్వాన్నే కోరవచ్చు. లైసెన్సు విధానంలో ఆడేవాడికి నిజంగా మేలు చేసేది ఈ బయటికి పోయే ద్వారమే. ఆటకు కేటాయించిన ఆ ఘడియలో సంధ్యావందనమో, నామజపమో, పిల్లల చదువో పెట్టుకోండి. ఖాళీగా వదిలిన ఘడియలోకి కలి తిరిగి వస్తాడు.

నాకు ఫోను చేసిన ఆ గృహస్థునికి ఇదే నా సమాధానం. నాయనా, శుక్రవారం నీ గోత్రనామాలతో అర్చన జరిగింది. సంకల్పంలో నేను కోరినది నీకు జయం కాదు, నివృత్తి. నీ లైసెన్సు పత్రం సత్యమే చెబుతున్నది, అక్కడ శకుని లేడు. పాచికలు పట్టిన చేయి మాత్రం నీదే.

శుభం భూయాత్.