నిదానమే... మొద్దు కాదు!

తాబేలు అనగానే కుందేలుతో పందెమే గుర్తొస్తుంది. ఆ కథలోనూ అది గెలిచింది ఓపికతోనే తప్ప తెలివితో కాదు. నిదానంగా నడుస్తుంది కాబట్టి బుర్ర కూడా నిదానమే అనుకున్నారంతా.

రాబర్ట్ యెర్క్స్‌కి మాత్రం అనుమానం వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో ఆయన, చెరువుల్లో తిరిగే ఓ చుక్కల తాబేలును అడ్డుపలకలున్న పెట్టెలో వదిలాడు. ఓ మూలన తడిగడ్డితో గూడు. మొదటిసారి అక్కడికి చేరడానికి దానికి 35 నిమిషాలు పట్టింది. రెండోసారి 15. ఇరవయ్యోసారికి నిమిషం కూడా పట్టలేదు! మరో పెట్టెలో ఏటవాలు పలక పెడితే మొదట్లో బుద్ధిగా దాని మీదుగానే దిగింది. ఓసారి అంచు మీంచి కిందపడింది. అది దగ్గరిదారి అని తెలిశాక ఇక పలక దిగే శ్రమ ఎందుకు... అంచు మీంచే దొర్లేసేది. ఆ ముచ్చటంతా 1901లో అచ్చయింది.

ఇక చూపు సంగతి. రంగుల్ని గుర్తించే కణాలు మన కంట్లో మూడు రకాలు. అక్వేరియం దుకాణాల్లో అమ్మే, చెంపల మీద ఎర్రచార ఉన్న తాబేలుకు నాలుగు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతీ దానికి కనిపిస్తుంది. పైగా ఆ కణాల్లో ఎరుపు, పసుపు నూనెబొట్లు ఉంటాయి. అవి రంగుటద్దాల్లా పనిచేస్తూ దగ్గర దగ్గర రంగుల్నీ విడదీసి చూపిస్తాయి.

అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో డేవిస్, బర్‌గార్ట్ అనే పరిశోధకులు ఫ్లోరిడా నీటి తాబేళ్లకు ఓ పని నేర్పారు. నీళ్లలోంచి అరుగెక్కి, రెండు సీసాల్లో సరైనదాన్ని పడగొడితే మేత! నెలలు గడిచినా అవి ఆ విద్య మరచిపోలేదు. అంతకన్నా వింత... నేర్చిన తాబేలు ఏ సీసా వైపు వెళుతోందో గమనించి మిగతావీ నేర్చుకున్నాయని 2011లో వెల్లడించారు. గుడ్లు పెట్టి వెళ్లిపోయే తల్లికి పుట్టి, ఎవరి పెంపకమూ ఎరగని జీవి ఇది!

అందుకే గాజుతొట్టె దగ్గరికి ఎవరైనా రాగానే ఎర్రచారల తాబేలు గబగబా ఈదుకుంటూ ఎదురొస్తుంది. మనిషి వస్తే మేత వస్తుందని దానికి తెలుసు మరి. అరచేతిలో ఇమిడే పిల్ల పెరిగి పళ్లెమంత అవుతుంది, ఇరవయ్యేళ్లకు పైగా బతుకుతుంది. అప్పటికి పిల్లల ముచ్చట తీరిపోయి, పెద్దలు ఏ చెరువులోనో వదిలేస్తారు. అక్కడ అది స్థానిక తాబేళ్ల తిండికీ, ఎండ కాచుకునే చోటుకీ పోటీ వస్తుంది. అమెరికాకు చెందిన ఈ తాబేలు 2018లో గువాహటిలోని ఓ గుడి కోనేట్లో తేలింది.