విదేశ ప్రయాణ సన్నాహము – మన బాలికల చదువు

మన గాండ్లపెంట ప్రాంతమున కువైటునకు పోయినవారు లేని వీధి అరుదు. కదిరి మొదలుకొని రాయచోటి వఱకు గల గ్రామములనుండి హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు అను భేదము లేక పురుషులు డ్రైవర్లుగను, స్త్రీలు ఇంటిపనివారుగను ఆ దేశమునకు పోవుచున్నారు. పోయినవారిని గుఱించియు, వారు పంపు ధనమును గుఱించియు ఊరివారు చెప్పుకొను మాటలు మెండు. పోవుటకు ముందు ఆ యింట గడచు దినములను గుఱించి తలంచువారు తక్కువ. వీసా వచ్చునను మాట వినబడిన నాటినుండి విమానమెక్కు రాత్రి వఱకు గల ఆ కొన్ని నెలలలోనే ఆ యింటి పిల్లల భవిష్యత్తు తఱచుగ నిర్ణయమగుచున్నదని మా యభిప్రాయము. ఆ సంగతినే ఈ సంచిక మూలమున తలిదండ్రులకును, విద్యార్థులకును, తోడి ఉపాధ్యాయులకును మనవి చేయదలచితిమి.

పరదేశము పోవుట దోషమని మేము చెప్పము. కఱవు వచ్చినపుడు యాకోబు కుమారులు ధాన్యమునకై ఐగుప్తునకు పోయిన కథ మన పిల్లలందఱు ఎఱిగినదే. 1876–78 నాటి ధాత కఱవు కాలమున మద్రాసు రాజధానినుండి ఎందఱో ఓడలెక్కి సముద్రములు దాటిరి. మన యనంతపురపు సీమలో ఏటికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు పడునను నమ్మకము లేదు. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానమువారు మేలైన వేరుసెనగ వంగడములను తెచ్చిరి. వానిలో కదిరి-6 అనునది మిక్కిలి పేరుపొందినది. అయినను విత్తిన పిదప వాన రాకున్న ఏ వంగడమును గింజ కట్టదు. బోరు వేయుటకొక అప్పు, ఆ యప్పు తీర్చుటకు మఱొక యప్పు. ఇట్టి స్థితిలో ఒక తల్లి తన పిల్లలు చదువుకొనవలెనని తలచి ఇల్లు విడువ నిశ్చయించుకొన్న, ఆమెను నిందించుటకు మనలో నెవరికిని అర్హత లేదు.

ఆ నిశ్చయమైన యింట దినచర్య యెట్లుండునో చూతము. మొదట వచ్చునవి కాగితములు. ఆధారు కార్డులో ఒక పేరు, రేషను కార్డులో మఱొక పేరు, పుట్టిన తేది రెండింటను వేఱు. వానిని సరిచేయించుటకే ఎన్నియో దినములు పట్టును. 2017 నుండి కొన్ని తపాలా కార్యాలయములలోను పాస్‌పోర్టు సేవా కేంద్రములు తెఱవబడుటచే దూరప్రయాణపు శ్రమ కొంత తగ్గినది. అటుపిమ్మట పోలీసు ధ్రువపత్రము, వైద్య పరీక్ష. ఒక్కొక్క పనికి ఒకనాటి కూలియు, బస్సు ఛార్జీయు పోవును. ఏజెంటు ఎప్పుడు పిలుచునో తెలియదు గనుక, ఫోను మ్రోగినప్పుడెల్ల పొయ్యిమీది సంగటి విడిచి తల్లి పరుగెత్తును.

పిదప డబ్బు. గొఱ్ఱెలు సంతకు పోవును. చెవికమ్మలు కుదువకు పోవును. చాలనిదానికి నూటికి నెలకు రెండో మూడో రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాయబడును. కడపట మూట. నిమ్మకాయ ఊఱగాయ, చెనిక్కాయల పొడి, ఎండుమిరపకాయల కారము కట్టి, ఇంత బరువు మించరాదని విన్నందున అంగడి తక్కెటలో తూచి, ఒకటి తీసి మఱొకటి పెట్టుదురు. కొందఱు కదిరి నరసింహస్వామి గుడికి, కొందఱు దర్గాకు, కొందఱు చర్చికి పోయి మ్రొక్కుకొందురు. అవ్వ మంచముమీద కూర్చుండి, ఫోనులో పచ్చని గుర్తును నొక్కి మాటలాడుట మనుమనియొద్ద నేర్చుకొనుచుండును.

ఈ పనుల నడుమ పదమూడు పదునాలుగేండ్ల కూతురు మెల్లమెల్లగ ఆ యింటి గృహిణియగుచున్నది. సంగటి ముద్ద కట్టుట, ఆవు పాలు పిదుకుట, అవ్వ మాత్రలు ఏ వేళకు ఇయ్యవలెను, చీటి డబ్బు ఎవరికి చెల్లింపవలెను అనునవన్నియు తల్లి ఆమెకు నేర్పును. నేర్చుట మంచిదే. కాని దాని ఛాయ మా హాజరు పట్టీలో కనబడుచున్నది. మొదట వారమునకొక దినము బాలిక రాదు. సెలవు చీటిలో అమ్మ పాస్‌పోర్టు పని అని యుండును. పిమ్మట ఉదయపు ప్రార్థనకు ఆలస్యముగ వచ్చును. పిమ్మట లెక్కల పుస్తకము తెల్లగ నుండును. తల్లి పోయిన కొలది దినములకే తండ్రియో మేనమామయో వచ్చి టి.సి. అడుగును. ఇందులో ఎవరి దుర్మార్గమును లేదు. ఇల్లు ఎవరు చూతురను ప్రశ్నకు పెద్దలెవరును సమాధానము చెప్పనందున, ఆ బాలికయే సమాధానమైనది.

కథ అంతటితో ఆగదు. తల్లి లేని యింట ఎదిగిన పిల్ల యుండుట మంచిది కాదని బంధువులు చెప్పుదురు, సంబంధము వచ్చును. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదని చెప్పుచున్నను, ఇంట అడుగు దిక్కు లేనపుడు చట్టము గోడమీది కాగితమే. కూతురి చదువుకొఱకు పయనమైన తల్లి, తిరిగివచ్చునప్పటికి ఆ కూతురిని అత్తవారింట చూడవలసివచ్చుచున్నది.

డబ్బు లెక్కనైనను చూతము. 2016లో కువైటు ప్రభుత్వము ఇంటిపనివారి కనీస వేతనమును నెలకు 60 దీనారములుగ నిర్ణయించినది. ఇటీవలి సంవత్సరములలో ఒక దీనారము 270 రూపాయలకు పైగా పలుకుచున్నందున అది సుమారు 16,000 రూపాయలగును. అందు నెలకు 12,000 రూపాయలు తల్లి ఇంటికి పంపుననుకొందము. ప్రయాణమునకై 1,50,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన, మొదటి నెల వడ్డీయే 4,500. వచ్చినదంతయు అప్పునకే కట్టినను అది తీరుటకు 16 నెలలు పట్టును. రెండేండ్ల ఒప్పందములో మిగులునవి ఎనిమిది నెలలే. లైసెన్సు గల ఏజెంటు చట్టప్రకారము పుచ్చుకొనదగినది 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. అంతే తెచ్చినచో అదే వడ్డీకి నాలుగు నెలలు నిండకమునుపే అప్పు తీరును. ఈ లెక్క పై తరగతి పిల్లలెవరైనను వేయగలరు. వేసి ఇంట చూపవలెనని మా కోరిక.

ఇక్కడనే చదువుకొను పిల్లల మొదటి కర్తవ్యమున్నది. 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడ మనవారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చేర్చిన కాలమున, ఎందఱో తాము చదువజాలని ఒప్పందముపై వ్రేలిముద్ర వేసిరి. నేడు ఆ యింట చదువుకొన్న బిడ్డ యున్నది. తల్లి సంతకము చేయు ప్రతి కాగితమును ఆ బిడ్డ యింటిల్లిపాది యెదుట బిగ్గరగ చదువవలెను. ఇంగ్లీషులోనున్న, ఉపాధ్యాయునియొద్దకు తెచ్చి అర్థము తెలిసికొనవలెను. జీతమెంత, పని యేమి, యజమాని పేరేమి, ఏజెంటునకు లైసెన్సు కలదా లేదా అనునవి అడుగుట అవిశ్వాసము కాదు, జాగ్రత్త.

అడుగుటకు ఆధారములు కలవు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టును ఇ.సి.ఆర్. తరగతిలో చేర్తురు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము వారు కువైటు మొదలగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవుటకు ముందు ప్రభుత్వపు అనుమతి పొందవలెను. 30 ఏండ్లు నిండని స్త్రీలకు ఈ యనుమతి లేదు. అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కలదు. 2017లో సవరింపబడిన రేటు చొప్పున మూడేండ్లకు దాని రుసుము, పన్నుగాక, 375 రూపాయలే. ఈ శ్రమ యెందుకని కొందఱు ఏజెంట్లు విజిటు వీసాపై పంపుదురు. అట్లు పోయినవారికి ఆపద కలిగిన ఒప్పందమును లేదు, బీమాయును లేదు. మన రాష్ట్రప్రభుత్వపు ఓంక్యాప్ సంస్థ విదేశోద్యోగముల కొఱకే యేర్పడినది; అక్కడ అడిగి తెలిసికొనిన పిమ్మటనే డబ్బు చేతులు మాఱవలెను.

కువైటువారు 2015లో చేసిన 68వ చట్టము ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించని పనిని, వారమునకొక దినము విశ్రాంతిని, ఏటికి 30 దినముల జీతముతోడి సెలవును, పని ముగియునపుడు ఏడాదికొక నెల జీతమును విధించినది. అన్ని యిండ్లలో ఇది అమలగునని చెప్పజాలము. తనకీ హక్కు కలదని ఎఱుగని స్త్రీ దానిని అడుగనైన అడుగజాలదు. పదవ తరగతి పరీక్ష అనగా నేమో, అది దాటినవారికిని దాటనివారికిని లోకమున నడచుటలో భేదమేమో, ఆ పాస్‌పోర్టును చూచి మన బాలికలు గ్రహింతురు గాక.

రెండవ సంగతి, చిన్నపిల్లలకు నిజము చెప్పుట. తల్లి సంత కొఱకు పోవుచున్నదనియో, ఆసుపత్రికి పోవుచున్నదనియో చెప్పి, పిల్లలు నిద్రించునపుడు బెంగుళూరు విమానాశ్రయమునకు కారెక్కించు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. ముందుగ చెప్పిన పిల్లలు ఏడ్తురు, తల్లి మనసు కరగి పయనము నిలిచిపోవునని పెద్దలు చెప్పు కారణము. ఈ భయము మాకు తెలియనిది కాదు. అయినను చెప్పినందువలన వచ్చు ఏడ్పు కొన్ని దినములది. మోసపోతినను తలంపు బిడ్డ మనసులో చాలకాలముండును. అట్టి బిడ్డ పిమ్మట తండ్రి పొలమునకు పోయినను తిరిగివచ్చునో రాడోయని వాకిట నిలుచును. అమ్మ ఫలానా తేదిన పోవును, రెండేండ్లకు వచ్చును, ఆదివారమునాడు మాటలాడును అని క్యాలెండరు చూపి చెప్పిన, ఆరేండ్ల బిడ్డయు ఎదురుచూచుట నేర్చుకొనును.

మూడవది, ఇంటిపని పంపకము. బాలిక వండకున్న ఎవరు వండుదురని తండ్రులు మమ్ము అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కువైటులో వంటపనికి కుదిరి జీతము తెచ్చుకొను పురుషులు మన యూళ్లలోనే కలరు. అక్కడ గౌరవమైన పని ఇంట అవమానమెట్లగును? తండ్రి పొయ్యి వెలిగింపవచ్చును. అన్న నీళ్లు మోయవచ్చును, తమ్ముడు పాత్రలు తోమవచ్చును. చెల్లెలు వచ్చి బియ్యము ఏరవచ్చును. తల్లి యింట నుండగనే నెలదినములు ఈ పంపకమును నడిపి చూచిన, లోటెక్కడనో తెలియును. ఇంట ఏ పెద్ద దిక్కును లేనిచో, 2004 నుండి నడచుచున్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల వంటి వసతి పాఠశాలలలో చేర్చుట కలదు. చదువు మాన్పించుట మాత్రము ఉపాయము కాదు.

పాఠశాలకును బాధ్యత కలదు. పయనమగు తల్లి ఒక్కమాఱైనను తరగతి ఉపాధ్యాయుని చూచి, తన వెనుక పిల్లల మంచిచెడ్డలు ఎవరు చూతురో ఆ పేరును, ఫోను నంబరును వ్రాయించి పోవలెను. ఆమె వచ్చినపుడు కుర్చీ వేసి, తొందరపెట్టక వినుట మన విధి. ఆలస్యముగ వచ్చిన బాలికను దండించుటకు ముందు ఇంటి సంగతి విచారింపవలెను. లేఖారచన పాఠములో ఊహాలేఖలకు తోడు ఒక ఒప్పందపత్రమును, ఒక బీమా కాగితమును చదివింపవలెను. టి.సి. కొఱకు ఎవరు వచ్చినను, వ్రాసి యిచ్చుటకు ముందు కువైటులోనున్న ఆ తల్లితో ఒకమాఱు ఫోనులో మాటలాడవలెనని మా సూచన. ఎందులకు పోతినో ఆమెకే బాగుగ తెలియును.

1990 ఆగస్టు 2న ఇరాకు సేన కువైటును ఆక్రమించినపుడు, లక్షా డెబ్బదివేలకు పైగా భారతీయులు విమానములలో స్వదేశము చేర్చబడిరి. వారిలో మన సీమవారును కలరు. ఏండ్ల తరబడి కూర్చిన సొమ్ము ఎందఱికో అక్కడనే నిలిచిపోయినది. పరదేశపు సంపాదన అట్టిది. అది ఒక్క దినమున పోవచ్చును. అంతలో కూతురు నేర్చిన చదువు మాత్రము ఏ సేనకును చిక్కదు, ఏ వడ్డీకిని తఱుగదు.

కావున తలిదండ్రులారా, మూట కట్టునాడే ఈ మాటయు ఇంటిలో అందఱియెదుట ఖాయము చేయుడు: అమ్మ టిక్కెట్టు కొన్న సొమ్ము అమ్మాయి టి.సి.తో తీరరాదు. విద్యార్థులారా, మీ యింట పయనమున్నచో మాకు చెప్పుడు. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. కాగితములు తెండు, కలిసి చదువుదము. మఱునాడు ఉదయపు గంటకు మీరు మీ బల్లవద్ద నుండుటయే మీ తల్లి పయనమునకు మీరు చేయగల సాయము.