ఇంగ్లీషుకు రంగు ఉంటుందా?



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఇంగ్లీషు టీచర్‌కు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మా బాబుకి మంచి యాక్సెంట్ ఎప్పుడొస్తుందండీ?" ఆ ప్రశ్న వెనకున్న ఆశ నాకు అర్థమవుతుంది. పిల్లలు నలుగురిలో ధైర్యంగా మాట్లాడాలని, రేపు ఇంటర్వ్యూలో తడబడకూడదని ఎవరికి ఉండదు? కాకపోతే "మంచి యాక్సెంట్" అన్నప్పుడు మన మనసులో గొంతుతో పాటు ఒక ముఖం కూడా మెదులుతుంది. చాలాసార్లు అది తెల్లని ముఖం. ఈ నెల ఆ ముఖం గురించి రాయాలనిపించింది.

తరగతిలో ఆడించడానికి కొత్త ఆటల కోసం యూట్యూబ్‌లో వెతుకుతూ, దక్షిణ కొరియా బడుల్లో ఇంగ్లీషు చెప్పే విదేశీ టీచర్ల వీడియోలు చూడటం నాకు అలవాటైంది. వాళ్లలో అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికాల నుంచి వెళ్లిన నల్లజాతి టీచర్లు కూడా ఉన్నారు. ఆటలు చెబుతూనే మధ్యలో వాళ్ల రోజువారీ జీవితం గురించి చెప్పిన సంగతులు నన్ను ఆలోచనలో పడేశాయి. అవి మనం కూడా తెలుసుకోవాల్సినవే.

మనలాంటి పోటీయే

చదువు విషయంలో కొరియా తల్లిదండ్రులు మనకు బాగా తెలిసినవాళ్లలాగే అనిపిస్తారు. బడి అయిపోగానే పిల్లలు హగ్వాన్‌కు వెళ్తారు. హగ్వాన్ అంటే మన కోచింగ్ సెంటర్ లాంటిదే. లెక్కలకొకటి, సంగీతానికొకటి, ఇంగ్లీషుకొకటి. ఏటా నవంబర్‌లో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష రోజున, ఇంగ్లీషు లిజనింగ్ పరీక్ష సాగే కాసేపు దేశమంతటా విమానాలు ఎగరవు, దిగవు. ఆ చప్పుడు పిల్లల చెవిన పడకూడదని. ఇంగ్లీషు అక్కడ అంత పెద్ద విషయం.

అందుకే ఆ దేశం విదేశీ టీచర్లను పిలిపించుకుంటుంది. ప్రభుత్వ బడుల కోసం ఈపిక్ అనే పథకం 1995లో మొదలైంది. హగ్వాన్లు తమంతట తామే తెచ్చుకుంటాయి. విదేశీ టీచర్లకు ఇచ్చేది ఈ-2 వీసా. అది ప్రధానంగా ఏడు దేశాల వాళ్లకే దొరుకుతుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. డిగ్రీ ఉండాలి, నేరచరిత్ర లేదని ధ్రువపత్రం ఉండాలి. దక్షిణాఫ్రికా నుంచి ఈపిక్‌కు దరఖాస్తు చేసేవాళ్లయితే ఏడో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలోనే చదివామని కూడా రుజువు చూపించాలి.

ఈ నిబంధనల్లో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. కాగితం మీద అట్లాంటా నుంచి వచ్చిన నల్లజాతి అమ్మాయి, అదే ఊరి నుంచి వచ్చిన తెల్లజాతి అమ్మాయి సమానమే. ఇద్దరి మాతృభాష ఇంగ్లీషే. ఇద్దరిదీ అదే డిగ్రీ, అదే యాస. తేడా మొదలయ్యేది దరఖాస్తుకు అతికించే ఫొటో దగ్గర.

ఫొటో చూసి ఉద్యోగం

కొరియాలో టీచర్ ఉద్యోగానికి రెజ్యూమెతో పాటు ఫొటో పంపడం ఏళ్లుగా ఉన్న అలవాటు. ఫోన్‌లో ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగి, ఫొటో పంపాక సమాధానమే రాకపోవడం నల్లజాతి టీచర్లు చాలామంది చెప్పే అనుభవం. 2014లో ఒక సంఘటన ప్రపంచ పత్రికల దాకా వెళ్లింది. ఒక ఆఫ్రికన్ అమెరికన్ టీచర్‌కు, ఆ సంస్థ తెల్లజాతి టీచర్‌ను కోరుకుంటోందని మొహమాటం లేకుండా మెసేజ్ పెట్టారు. అదే ఏడాది ఐర్లండ్ టీచర్ ఒకరిని, మీ దేశస్థులు తాగుబోతులన్న అర్థం వచ్చేలా రాసి తిరస్కరించారు. అంటే ముందే వేసుకున్న ముద్ర తెల్లవాళ్లను కూడా వదలలేదు. వివక్షనంతటినీ ఒకే చోట నిషేధించే చట్టం కోసం కొరియాలో 2007 నుంచి బిల్లులు పెడుతూనే ఉన్నారు, ఏదీ పాస్ కాలేదు. అందుకే ఇలాంటి తిరస్కారాన్ని ఎక్కడ ప్రశ్నించాలో కూడా ఆ టీచర్లకు తోచదు.

కారణం అడిగితే వాళ్లకు తరచూ వినిపించే జవాబు ఇది: "మాకేం అభ్యంతరం లేదండీ. తల్లిదండ్రులే ఒప్పుకోరు."

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫీజు కట్టేది తల్లిదండ్రులు కాబట్టి వాళ్లకు ఏది నచ్చుతుందో యాజమాన్యమే ఊహించుకుని, ఆ ఊహ ప్రకారం మనుషుల్ని ఎంచుకుంటోంది. తల్లిదండ్రులు నిజంగా అడిగారో లేదో ఎవరికీ తెలియదు. వాళ్ల పేరు మీద మాత్రం ఒక మనిషికి తలుపు మూసుకుపోతుంది.

తరగతి లోపల, బయట

ఉద్యోగం దొరికాక కథ వేరుగా ఉంటుంది. మొదటి రోజు చిన్న తరగతి పిల్లలు టీచర్ చేతిని వేలితో రుద్ది చూస్తారట, రంగు ఊడుతుందేమోనని. అడక్కుండానే జుట్టు ముట్టుకుంటారు. ఎక్కడి నుంచి వచ్చారంటే "అమెరికా" అని చెప్పినా నమ్మరు. "కాదు, ఆఫ్రికా కదా?" అంటారు. వాళ్ల టెక్స్ట్‌బుక్ బొమ్మల్లో అమెరికన్ అంటే బంగారు రంగు జుట్టుండాలి మరి.

మాటల దగ్గర మరో చిక్కు. కొరియా భాషలో "నేను" అనడానికి "నెగా", "నువ్వు" అనడానికి "నిగా" అనే రూపాలు వాడతారు. రోజుకు వందసార్లు దొర్లే మామూలు మాటలవి. ఇంగ్లీషులో నల్లజాతివాళ్లను కించపరిచే ఒక తిట్టుకు అవి దగ్గరగా వినిపిస్తాయి. కొత్తగా వచ్చిన టీచర్ బస్సులో ఉలిక్కిపడటం, తర్వాత అసలు సంగతి తెలిసి నవ్వుకోవడం చాలామంది చెప్పే ముచ్చట. భాష తెలిస్తే సగం భయం పోతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

భాష తెలిసినా పోనివి కూడా ఉన్నాయి. మెట్రో నిండుగా ఉన్నా పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం. పెద్దవాళ్లు కళ్లార్పకుండా చూడటం. తమ జుట్టు కత్తిరించడం తెలిసిన సెలూన్ కోసం ఎక్కడెక్కడి నుంచో సియోల్‌లోని ఇటేవాన్ దాకా వెళ్లాల్సి రావడం.

ఇదే టీచర్లు చెప్పే మంచి మాటలు దాచిపెడితే అన్యాయమవుతుంది. పక్కింటి బామ్మ పళ్లు తెచ్చి చేతిలో పెట్టడం, తోటి టీచర్లు ఆసుపత్రికి వెంట రావడం, ఏడాది చివర పిల్లలు వచ్చీరాని ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలు. ముఖ్యంగా ఒక విషయం వాళ్లలో చాలామంది చెబుతారు. రెండు వారాలు గడిచాక పిల్లలకు టీచర్ రంగు గుర్తే ఉండదట. అప్పటికి ఆమె వాళ్లకు ఆటలు ఆడించే టీచర్, హోంవర్క్ ఎక్కువిచ్చే టీచర్, అంతే. రంగును గుర్తుపెట్టుకునేది పెద్దవాళ్లే.

క్రేయాన్ డబ్బాలో పాఠం

పిల్లలకు ఈ చూపు ఎక్కడి నుంచి వస్తుంది? కొరియాలో దీనికొక ఆసక్తికరమైన కథ ఉంది. అక్కడి క్రేయాన్ డబ్బాల్లో లేత పీచు రంగుకు "సల్సెక్" అని పేరుండేది. అంటే "చర్మం రంగు". ప్రపంచంలో అందరి చర్మమూ అదే రంగన్నట్టు. ఇది వివక్షేనంటూ విదేశీ కార్మికుల తరఫున 2001లో మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. కమిషన్ ఆ పేరు మార్చమంది. అధికారులు మార్చారు కానీ పిల్లల నోరు తిరగని కఠినమైన పేరు పెట్టారు. అప్పుడు కొందరు పిల్లలే 2004లో మళ్లీ ఫిర్యాదు చేశారు, మాకు అర్థమయ్యే పేరు పెట్టండని. 2005లో ఆ రంగుకు "సల్గుసెక్" అని పేరొచ్చింది, అంటే ఆప్రికాట్ పండు రంగు. ఇంత చిన్న మార్పుకు నాలుగేళ్లు పట్టింది. అయినా జరిగింది.

ముఖాన్ని బట్టి భాషను ఊహించడం ఎంత పొరపాటో చెప్పే మరో ఉదాహరణ హాన్ హ్యూన్-మిన్. నైజీరియా తండ్రికి, కొరియా తల్లికి 2001లో పుట్టిన మోడల్. 2017లో టైమ్ పత్రిక ప్రభావశీలురైన టీనేజర్ల జాబితాలో చోటు దక్కింది. అతన్ని చూడగానే ఇంగ్లీషు దంచేస్తాడనుకుంటారు. అతని మాతృభాష కొరియన్. తనకు ఇంగ్లీషు అంతంతమాత్రమేనని టీవీ కార్యక్రమాల్లో అతనే నవ్విస్తూ ఉంటాడు!

అలాగే గాయని ఇన్సూని. 1957లో నల్లజాతి అమెరికన్ సైనికుడికి, కొరియా తల్లికి పుట్టారు. దేశమంతా మెచ్చే గాయని అయ్యాక, 2013లో హాంగ్‌చన్ అనే ఊళ్లో హేమిల్ స్కూల్ ప్రారంభించారు. వేర్వేరు దేశాల మూలాలున్న కుటుంబాల పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు. మార్పు బడి నుంచే మొదలవ్వాలని ఆమె అనుకున్నారేమో.

మన డబ్బాలో ఏముంది?

ఇప్పుడు మన ఇంటి సంగతి. మా తరగతిలో బొమ్మలేసేటప్పుడు పిల్లలు ఒకరినొకరు "స్కిన్ కలర్ ఇవ్వరా" అని అడుగుతుంటారు. తెచ్చి ఇచ్చేది ఆ లేత పీచు రంగే. గోధుమరంగు, చామనఛాయ, నలుపు ఇన్ని ఛాయలున్న తరగతిలో ఎవరి స్కిన్ అది? "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత చెప్పుకునే మనమే "ఎండలో ఆడకు, నల్లబడిపోతావ్" అంటాం. పిల్లలు రెండో మాటే గుర్తుపెట్టుకుంటారు.

హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చే ఆఫ్రికా విద్యార్థులకు అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో నగరంలో ఉన్న చాలామందికి తెలిసిన విషయమే. మరోవైపు, 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం మన దేశస్థులు కూడా అక్కడ ఇంగ్లీషు అసిస్టెంట్ టీచర్లుగా పనిచేయడానికి దారి తెరిచింది. రేపు మన పిల్లల్లో ఎవరో ఒకరు సియోల్‌లోనో, బూసాన్‌లోనో తరగతి ముందు నిలబడవచ్చు. వాళ్ల ఫొటో చూసి ఎవరైనా పెదవి విరిస్తే మనకెలా ఉంటుంది?

నా సంగతి కూడా ఒకటి చెప్తాను. బి.ఎడ్ అయ్యాక ఒక చోట డెమో క్లాస్ ఇచ్చాను. పిల్లలు చక్కగా స్పందించారు. తర్వాత ఆఫీసులో "మీ క్లాస్ చాలా బాగుంది మేడమ్, కానీ అడ్మిషన్ల టైమ్‌లో పేరెంట్స్ చూస్తారు కదా, కాస్త ప్రెజెంటబుల్‌గా ఉండేవాళ్లు కావాలి" అన్నారు. నా చీర గురించి కాదని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. అక్కడ కూడా మీ పేరే వాడారు. మీరు ఆ గదిలో లేరు, మిమ్మల్నెవరూ అడగలేదు.

అందుకే మీకు మూడు విన్నపాలు.

ఒకటి, ఇంట్లో క్రేయాన్ డబ్బా తీసి మీ అబ్బాయినో అమ్మాయినో తన చేతి రంగుకు సరిపోయే రంగేదో వెతకమనండి. రెండు రంగులు కలిపితేనే వస్తుంది. సరదాగా ఉంటుంది, పాఠం కూడా అదే.

రెండు, ఇంగ్లీషు టీచర్‌ను అంచనా వేయడానికి వేరే ప్రశ్నలు అడగండి. ఈ వారం మా పాప తరగతిలో ఎన్నిసార్లు నోరు విప్పింది? తప్పు మాట్లాడితే మీరెలా సరిచేస్తున్నారు? చదివిన కథ తిరిగి చెప్పిస్తున్నారా? పిల్లలకు ఇంగ్లీషు వచ్చేది ఇలాంటి పనుల వల్ల. యాస దానంతటదే కుదురుకుంటుంది. ఎదుటివాళ్లకు స్పష్టంగా అర్థమైతే చాలు, అది మంచి యాసే.

మూడు, పిల్లలు ఇంటికొచ్చి కొత్త టీచర్ గురించి చెప్పేటప్పుడు "చూడ్డానికి ఎలా ఉంటుంది?" కంటే ముందు "ఏం చెప్పింది?" అని అడగండి. మనం ముందు ఏది అడిగితే పిల్లలు అదే ముఖ్యమనుకుంటారు.

బడి ఏదైనా ఫీజు కట్టే తల్లిదండ్రుల మాట వింటుంది. అది మీ చేతిలో ఉన్న బలం. ఇకమీదట ఎవరైనా "పేరెంట్స్ ఒప్పుకోరండీ" అని మీ పేరు మీద ఒక టీచర్‌ను వెనక్కి పంపితే, "మమ్మల్నెప్పుడు అడిగారు?" అని ఒక్క మాట అనండి. మా టీచర్లకు అంతకన్నా పెద్ద సాయం ఉండదు.