యార్డు గేటుకు రీడరు: కారుతో కాదు, ట్రాక్టరుతో పరీక్షించాలి

మిర్చి, పసుపు, పత్తి రాబడులు ముమ్మరంగా ఉండే నెలలలో పెద్ద యార్డుల ముందు నిలిచే బండ్ల వరుసను చూసిన వారికి ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. సరుకు ధర యార్డు లోపల నిర్ణయమవుతుంది. ఆ ధర రైతుకు అందుతుందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు గేటు దగ్గరే తేలిపోతుంది. ఉదయం బేరాల వేళకు లోపల దిగిన టిక్కీలకు ఒక లెక్క, వరుసలో చిక్కుకుని మధ్యాహ్నం దిగిన టిక్కీలకు మరొక లెక్క. మరునాటికి ధర నిలుస్తుందో, తగ్గుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. బండి బాడుగ, రాత్రి కాపలా మాత్రం రైతు మీదనే పడతాయి.

ఈ పరిస్థితిలో గేటు దగ్గర బండిని ఆపకుండా దూరం నుంచే గుర్తుపట్టే ఆర్.ఎఫ్.ఐ.డి. రీడరు పెడితే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజమే. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పటి నుంచి లారీ డ్రైవరు మొదలు కమీషన్ వ్యాపారి వరకు అందరికీ ఈ సంగతి పరిచయమే. టోల్ గేటులో జరిగే పని యార్డు గేటులో ఎందుకు జరగదని వారు అడిగితే తప్పు పట్టలేము. జరుగుతుంది. అయితే గేటు పని తీరును నిర్ణయించేది కొన్న యంత్రం కన్న దానిని బిగించిన తీరు, దానికి వేసిన తీగలు. ఈ విషయం కొనుగోలు కాగితాలలో తగినంతగా కనిపించకపోవడమే చిక్కు.

అద్దానికి అంటించే చీటీలో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొని తన సంఖ్యను తిరిగి పలుకుతుంది. మన దేశంలో ఇందుకు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అమెరికా కొరకు తయారైన రీడరు 902 నుంచి 928 వరకు పనిచేస్తుంది. చవకగా వచ్చిందని దానిని తెచ్చి ఇక్కడ బిగించరాదు. కొనుగోలు షరతులలో మొదట రాయవలసిన మాట ఇదే.

ఇక తీగల సంగతి. టెండరు కాగితంలో రీడరుకు ఒక పేజీ వర్ణన, ఆ చివర "అవసరమైన తీగలతో సహా" అన్న ఒక్క ముక్క ఉంటే ఏమి జరుగుతుందో లెక్క వేసి చూడవచ్చు. కార్యాలయం నుంచి గేటు స్తంభానికి 60 మీటర్ల దూరం అనుకుందాం. విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి గనుక తీగ పొడవు 120 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 18 ఓముల నిరోధం ఉంటుంది. అంటే మన తీగకు 2.2 ఓములు. రీడరు చదివే క్షణంలో ఒకటిన్నర ఆంపియరు తీసుకుంటే 3.3 వోల్టులు తీగలోనే పోతాయి. కార్యాలయంలో 12 వోల్టులు బయలుదేరితే స్తంభం మీద మిగిలేది 8.7. తూనికలో క్వింటాలుకు 27 కిలోలు తరుగు పోయినట్లే! పన్నెండు వోల్టులకు తయారైన యంత్రం ఆ స్థితిలో నిలకడగా పనిచేయదు.

ఈ లోపం బిగించిన రోజున బయటపడకపోవచ్చు. రీడరు ఊరికే ఉన్నప్పుడు తక్కువ కరెంటు తీసుకుంటుంది, దీపం వెలుగుతుంది, ఒకటి రెండు బండ్లను చదువుతుంది కూడా. రద్దీలో ఎడతెగకుండా చదవవలసి వచ్చినప్పుడు వోల్టేజి పడిపోయి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు అందరూ యంత్రాన్ని నిందిస్తారు, మరొకటి తెప్పిస్తారు. కొత్తదీ అదే చేస్తుంది. తీగను రెండున్నర చదరపు మిల్లీమీటర్లకు పెంచితే నష్టం 1.3 వోల్టులకు తగ్గుతుంది. లేదా విద్యుత్తు సరఫరా పెట్టెను గేటు స్తంభం దగ్గరే, వాన తగలని పెట్టెలో పెట్టవచ్చు. ఖర్చులో తేడా స్వల్పం.

రీడరు చదివిన సంఖ్యను కార్యాలయానికి చేర్చే తీగలదీ ఇదే కథ. వీగాండ్ అనే పాత పద్ధతిలో రెండు సమాచార తీగలు, ఒక ఉమ్మడి తీగ ఉంటాయి. ఇది 150 మీటర్లు దాటి నమ్మదగినది కాదు. పైగా ఒక వైపే మాట్లాడుతుంది. పంపిన సంఖ్య అవతల చేరిందో లేదో రీడరుకు తెలియదు. విద్యుత్తు పెట్టెను గేటు దగ్గరకు మార్చినప్పుడు కొందరు ఈ ఉమ్మడి తీగను కలపడం మరచిపోతారు. అప్పుడు ఒక బండి నమోదై, మరొకటి నమోదు కాక గందరగోళం మొదలవుతుంది. దూరం ఎక్కువైతే ఆర్.ఎస్. 485 పద్ధతిలో మెలివేసిన జంట తీగతో 1,200 మీటర్ల వరకు పంపవచ్చు. కంప్యూటర్లకు వాడే మామూలు ఈథర్నెట్ తీగకు 100 మీటర్లే హద్దు. ఏ పద్ధతి అయినా ఈ తీగను గేటు కర్రను ఎత్తే మోటారు తీగతో ఒకే గొట్టంలో వేయరాదు. తీగ పైనున్న రక్షణ తొడుగును ఒక కొసనే ఎర్త్ చేయాలి.

వీగాండ్ లో మరొక చిక్కు డబ్బుకు, వంతుకు సంబంధించినది. చీటీలోని సంఖ్య సాధారణంగా 96 బిట్లు. ఎక్కువగా వాడే వీగాండ్ నమూనాలో మొత్తం 26 బిట్లు. తప్పులు సరిచూసే రెండింటిని తీసివేస్తే సంఖ్యకు మిగిలేవి 24. అందులోనూ కొన్ని పెట్టెలు చివరి 16 బిట్లనే లెక్కలోకి తీసుకుంటాయి. అప్పుడు వేరు వేరుగా గుర్తించగలిగేవి 65,536 మాత్రమే. వేరు వేరు చోట్ల తయారైన చీటీలు వచ్చే గేటులో రెండు బండ్లకు ఒకే సంఖ్య పడే అవకాశం లేకపోలేదు. ఒకరి బండి లోపలికి వెళ్తే మరొకరి పేర వంతు ఖర్చయిపోతుంది. సంఖ్యను పూర్తిగా పంపే పద్ధతినే కోరాలి.

ఏప్రిల్, మే నెలలలో పడే ఉరుముల వానలను గురించి యార్డు వారికి చెప్పవలసిన పని లేదు. వే బ్రిడ్జి కాటాలు పిడుగు దెబ్బకు పాడవడం తెలిసిన విషయమే. ఆరుబయట ఇనుప స్తంభం మీద కూర్చున్న రీడరు అంతకన్న భద్రమైనది కాదు. స్తంభానికి సరియైన ఎర్తింగు, విద్యుత్తు తీగకూ సమాచార తీగకూ వేర్వేరుగా సర్జి రక్షకాలు ఉండాలి. వీటిని "అదనపు ఖర్చు" కింద కొట్టివేసే కమిటీ, మొదటి ఈదురు వానకే రీడరు మొత్తం ఖర్చును మళ్లీ భరించవలసి రావచ్చు.

దూరం మాటకు వస్తే, పది మీటర్లు చదువుతుందంటే ఐదు మీటర్ల దానికన్న మేలని అనుకోవడం పొరపాటు. రాకకూ పోకకూ పక్కపక్కనే దారులున్న గేటులో పది మీటర్ల చూపు పక్క దారిలోని బండిని కూడా చదువుతుంది. వరుసలో మూడవ బండిని చదివి మొదటి దానికి గేటు తెరుస్తుంది. ఇనుప కమాను, రేకుల షెడ్డు తరంగాలను వెనక్కు కొట్టి తికమకను పెంచుతాయి. అందుచేత రీడరు ముఖాన్ని కిందికి, తన దారి వైపుకు వంచి, శక్తిని తగ్గించి, బండి గేటు ముందు నిలిచే చోటునే చదివేట్లు సరిచేయాలి. నేలను కోసి వేసిన తీగ చుట్ట, అంటే లూపు, బండి వచ్చిందని చెప్పినప్పుడే రీడరు చదవాలి.

రైతుకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ ఏర్పాటంతా కారును, లారీని దృష్టిలో పెట్టుకుని తయారైనది. ట్రాక్టరుకు సాధారణంగా ముందు అద్దం ఉండదు. అద్దానికి అంటించే చీటీని ఇనుప బానెట్ మీద అంటిస్తే అది మూగదవుతుంది. ఇనుము మీద పనిచేసేందుకు ప్రత్యేకంగా తయారైన చీటీలు వేరే ఉన్నాయి, వాటి ధర ఎక్కువ. రైతు తెచ్చే ట్రాక్టరు మీద ఫాస్టాగ్ తరచు ఉండదు. ఫలితం ఊహించవచ్చు. సరుకు ఎత్తుకుపోయేందుకు వచ్చే లారీకి గేటు దానంతటదే తెరుచుకుంటుంది. సరుకు తెచ్చిన రైతు దిగి, చీటీ రాయించుకుని, కాపలాదారు దయ కోసం నిలబడతాడు. రైతు కోసం కట్టిన యార్డులో ఇంతకన్న శోచనీయమైనది ఏముంటుంది?

భద్రత విషయం మరింత ముఖ్యం. గేటు కర్ర కింద బండి ఉన్నంతసేపు కర్ర దిగకుండా ఆపేది కూడా లూపే. అది బండి అడుగున ఉన్న ఇనుమును పసిగడుతుంది, అదీ కొంత ఎత్తు వరకే. లూపు పొట్టి వైపు కొలతలో సుమారు మూడింట రెండు వంతులని పనివారి లెక్క. ఒక మీటరు లూపు 65 సెంటీమీటర్లకు పైనున్న దానిని సరిగా చూడలేదు. ట్రాక్టరుకూ ట్రైలరుకూ మధ్య ఉన్నది సన్నని లంకె. ట్రైలరు అడుగు ఎత్తుగా ఉంటుంది. ట్రాక్టరు దాటగానే దారి ఖాళీ అయిందని లూపు భ్రమపడితే కర్ర బస్తాల మీద, వాటిపై కూర్చున్న హమాలీల మీద దిగుతుంది. కనుక లూపు ఒక్కటే చాలదు. దానికి తోడు అడ్డంగా ప్రసరించే కాంతి కిరణపు అమరిక రెండు ఎత్తులలో ఉండాలి, కర్ర దిగేముందు కొన్ని క్షణాల వ్యవధి ఉండాలి.

చీటీ రాసే గుమాస్తా ఉండగా ఇదంతా ఎందుకని కొందరు పెద్దలు అంటారు. రోజుకు నలభై, యాభై బండ్లు వచ్చే చిన్న యార్డు విషయంలో వారి మాట అక్షరాలా నిజం. అక్కడ ఈ డబ్బుతో ఒక షెడ్డుకు పైకప్పు వేయడం మేలు. పెద్ద యార్డులో మాత్రం రిజిస్టరులో ఎవరి బండి ముందు వచ్చిందన్నది రాసేవాని చేతిలో ఉంటుంది. ఆ వరుసలో పలుకుబడికి చోటు లేకుండా చేయడమే రీడరు నిజమైన ప్రయోజనం. నిమిషాల ఆదా దాని తరువాతి మాట.

అయితే రీడరుకు తెలిసేది బండి మాత్రమే, సరుకు కాదు. ఒక ట్రాక్టరులో ముగ్గురు రైతుల బస్తాలు రావచ్చు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ పద్ధతిలోనూ గేటు నమోదుతోనే రైతు పేర లాటు మొదలవుతుంది. నాణ్యత పరీక్ష, వేలం, తూకం అన్నీ ఆ తరువాతివే. కాబట్టి రీడరు వచ్చిందని గుమాస్తాను తీసివేయరాదు. బండి వచ్చిన వేళను యంత్రం నమోదు చేయాలి, బస్తాలు ఎవరివో మనిషి అడిగి రాయాలి. కరెంటు పోయిన వేళకు బ్యాటరీ, యంత్రం ఆగిన వేళకు కాగితపు రిజిస్టరు సిద్ధంగా ఉండాలి.

కమిటీలు చేయవలసినది కష్టమేమీ కాదు. తీగ మందం, దూరం, ఎర్తింగు, సర్జి రక్షకాలను టెండరులో విడి విడి పద్దులుగా రాయాలి. ట్రాక్టర్లకు పనికివచ్చే చీటీలను కమిటీ ఖర్చుతోనే ఇవ్వాలి. సొమ్ములో కొంత భాగాన్ని ఒక సీజను రద్దీ, ఒక ఉరుముల వాన దాటేవరకు నిలిపి ఉంచాలి. అన్నిటికీ మించి, పని పూర్తయిందని సంతకం పెట్టే రోజున అధికారి కారును గేటులోంచి నడిపి చప్పట్లు కొట్టడంతో సరిపెట్టుకోరాదు. నిండుగా బస్తాలు ఎక్కించిన పది ట్రాక్టర్లను, వాటి మధ్య రెండు లారీలను ఒకదాని వెంట ఒకటి రెండు దారులలో నడిపించాలి. పన్నెండూ వచ్చిన వరుసలో నమోదైతే, ఏ ట్రైలరు మీదా కర్ర దిగకపోతే, అప్పుడు సంతకం పెట్టవచ్చు.

తూకంలో ఒక కిలో తేడా వస్తే దడవాయిని నిలదీసే హక్కు రైతుకు ఉన్నది. వంతులో ఒక పూట తేడా వస్తే నిలదీసేందుకు గేటు స్తంభం మీద ఒక పెట్టె తప్ప ఎవరూ ఉండని రోజు రాకూడదు. కాటాను పరీక్షించినంత శ్రద్ధగా గేటునూ పరీక్షించవలసిన బాధ్యత కమిటీలదే.