డప్పు దెబ్బను కోసేస్తే మాస్టరింగ్ అవుతుందా?

ఆషాఢం వచ్చిందంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల కోసం కొత్త పాటలు వరసపెట్టి యూట్యూబ్‌లోకి వస్తాయి. పక్క పాట కన్నా మన పాట గట్టిగా మోగాలి, మాస్టరింగ్ అంటే అదే అన్న నమ్మకం వాటిని తయారుచేసేవాళ్లలో బాగా పాతుకుపోయింది. అందుకే ఆఖర్న శిఖరాలను అణిచే లిమిటర్ బిగించి, పాటను మైనస్ 7, మైనస్ 6 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మోతను కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరైతే అంత గట్టి) దాకా తోస్తారు. ఈ నమ్మకం తప్పు. దాని దెబ్బ పడేది కూడా ఆ పాటలకు ప్రాణమైన డప్పు మీదే.

మనం ఎక్కించిన మోతను యూట్యూబ్ ఉన్నదున్నట్టు వినిపించదు. సుమారు మైనస్ 14 దాటిన పాటను తనే తగ్గిస్తుంది. స్పాటిఫై మామూలు సెట్టింగూ ఇంతే. కంప్యూటర్‌లో వీడియో మీద కుడి క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే ‘కంటెంట్ లౌడ్‌నెస్’ లెక్క కనిపిస్తుంది. అక్కడ 6 డీబీ అని ఉంటే వాల్యూమ్ 50 శాతానికి దిగిపోయిందన్నమాట. కష్టపడి పెంచిన మోత శ్రోతను చేరకముందే పోయింది, లిమిటర్ కోసేసింది మాత్రం తిరిగి రాదు. చిర్ర (లావు పుల్ల) తోలును తాకిన తొలి కొన్ని మిల్లీసెకన్లలోనే దెబ్బ పదునంతా ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని సితికెన పుల్ల సన్నటి చిటపట వినిపిస్తుంది. లిమిటర్ ఆ పదునును అణిచేసి, వెనక ఉండాల్సిన సింథ్‌నీ బేస్‌నీ దాని ఎత్తుకు లాగుతుంది. మంట దగ్గర కాచి బిగించిన డప్పు చివరికి తడిసిన అట్టపెట్టెలా మోగుతుంది. 2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చినప్పుడు అభిమానులే ఈ తేడా పట్టుకున్నారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ గేమ్‌లో ఇంత నలగకుండా వినిపించడంతో, మళ్లీ మాస్టరింగ్ చేయమని అడిగారు.

గట్టి మాస్టర్‌నూ మెత్తటి మాస్టర్‌నూ పక్కపక్కన వినిపిస్తే నిర్మాత గట్టిదే బాగుందంటాడు కదా అని అడుగుతారు. అంటాడు, నిజమే. ధ్వని పెరిగితే చెవికి బేస్ నిండుగా తోస్తుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. నిర్మాతకు నచ్చింది వాల్యూమ్, మాస్టరింగ్ కాదు. గట్టిదాన్ని తగ్గించి రెండూ సమానం చేశాక అడగాలి. ఇక ఊరేగింపు డీజే బండికి గట్టి పాట కావాలి కదా అన్న సంగతి. ఆంప్లిఫయర్‌కు మీట ఉంది, మోత అక్కడ పెరుగుతుంది. అడుగు వేయించేది దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీ, ఆ ఖాళీని పూడ్చేసిన పాటకు ఎన్ని స్పీకర్లు పెట్టినా ఊపు రాదు. పైగా మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024లోనే నిషేధించారు.

ఫోన్ స్పీకర్‌కు గట్టి పాటే కావాలన్న మాటలో కొంత బలముంది. వాట్సాప్‌లో పంపుకునే ఫైలును ఎవరూ సరిచేయరు, చిన్న స్పీకర్లో మెత్తటి పాట తేలిపోతుంది. దానికీ లిమిటర్ మందు కాదు. ఆ స్పీకర్ పలికించలేని లోతు బేసే లిమిటర్‌ను ఎక్కువగా లాగుతుంది. 30 హెర్ట్జ్ కింది బరువు తీసేసి, గొంతును మిక్స్‌లోనే ముందుకు తెస్తే ఫోన్‌లో పాట నిలబడుతుంది. మైనస్ 14నే గీతగా పెట్టుకోమనడం లేదు. ఆన్‌లైన్‌కు కుదించేటప్పుడు శిఖరాలు పెరుగుతాయి కాబట్టి ట్రూ పీక్ (అసలు శిఖరం) మైనస్ 1 డీబీ దగ్గర ఆపాలి. డప్పు మొద్దుబారడం మొదలయ్యేదాకా లిమిటర్‌ను నెమ్మదిగా పెంచి, అక్కడి నుంచి రెండు డీబీలు వెనక్కి రావాలి. మీటర్ అప్పుడు ఏ అంకె చూపితే అదే ఆ పాటకు తగిన లౌడ్‌నెస్.