కుటుంబ ఆరోగ్యం: మరిగినా చావని క్రిములు



హైదరాబాదు వెళ్ళినవారు చార్మినార్ చూడకుండా తిరిగి రారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో దానిని కట్టించాడు. నగరాన్ని పీడించిన మహమ్మారి తొలగిపోయినందుకు గుర్తుగా కట్టించాడని జనశ్రుతి. అది ప్లేగని కొందరు, కలరా అని కొందరు చెబుతారు. ఏదైనా సరే, ఆ రెండు రోగాల క్రిములూ మరిగే నీటిలో నిమిషాల్లో చచ్చిపోతాయి. నీళ్ళు కాచి తాగమని పెద్దలు చెప్పేది అందుకే.

రంజాన్ నెలలో అదే చార్మినార్ చుట్టుపక్కల హలీం బట్టీలు వెలుగుతాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలాలు పెద్ద పెద్ద డేగిసాల్లో గంటల తరబడి ఉడుకుతాయి. ఇంతగా ఉడికిన వంటలో ఇంకా క్రిమి మిగులుతుందా? ఈ ప్రశ్నకు చాలామంది "మిగలదు" అంటారు. నిజానికి కొన్ని మిగులుతాయి. మన ఇంటి అన్నం గిన్నెలోనూ, పెళ్ళి విందు గంగాళంలోనూ కూడా అలాగే మిగులుతాయి.

బాక్టీరియాలో కొన్ని జాతులకు ఒక ప్రత్యేకమైన శక్తి ఉంది. తిండి, తేమ కరువైనప్పుడు అవి తమ సారమంతా ఒక చిన్న గింజలాగా ముడుచుకుని, చుట్టూ గట్టి పొరలు కట్టుకుంటాయి. దీనినే సిద్ధబీజం అంటారు. డాక్టర్లు స్పోరు అంటారు. గాదెలో దాచిన విత్తనం వానకోసం ఎదురుచూసినట్లు అది సంవత్సరాల తరబడి నిద్రపోతుంది. ఎండ, కరువు, మామూలు మరుగు దానిని చంపలేవు. ఆసుపత్రిలో పనిముట్లను ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల వేడిలో సుమారు 15 నిమిషాలు ఉంచేది ఈ బీజాలను చంపడానికే.

ఇవి లేని చోటు లేదు. పొలం మట్టిలో, ధాన్యంలో, మిరియాల పొడిలో, పశువుల పేడలో, మన పేగుల్లో ఉన్నాయి. ఆకాశంలోనూ ఉన్నాయి. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదులోని బెలూన్ కేంద్రం నుండి ఇస్రో శాస్త్రజ్ఞులు ఒక పెద్ద బెలూన్‌ను పంపి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న గాలిని పట్టి తెచ్చారు. హైదరాబాదులోని సీసీఎంబీ, పూణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఆ గాలిని పరీక్షించాయి. మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. వాటిలో రెండు ఈ సిద్ధబీజాలు కట్టే బాసిల్లస్ వంశానివే. ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు.

వీటిని చూసి భయపడనక్కరలేదు. చాలా జాతులు మనకు హాని చేయవు, కొన్ని మేలు కూడా చేస్తాయి. పంటను తినే పురుగులను చంపడానికి రైతులు చల్లే బీటీ మందు ఇలాంటి బాక్టీరియా నుండి వచ్చిందే. కాని నాలుగు చోట్ల మాత్రం జాగ్రత్త తప్పదు.

మొదటిది వంటిల్లు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం తిన్నవారికి ఒకటి నుండి ఆరు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, తిరిగి ఎంత వేడిచేసినా ఆ విషం విరగదు. మాంసం కూరలో క్లాస్ట్రీడియం జాతి క్రిమి ఇలాగే పెరిగి, కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. పెద్ద గంగాళంలోని కూర చల్లారడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి విందుల్లో ఈ బాధ ఎక్కువ.

కాబట్టి వేడి వేడిగా తినండి. దించిన రెండు గంటల్లోపు భోజనాలు ముగించండి. మిగిలినది పెద్ద గిన్నెలో మూతపెట్టి వదలక, వెడల్పాటి పళ్ళేల్లో పలచగా పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే మరునాటికి మిగలనంత కొలతతో వండండి. మరి సద్దన్నం మాటేమిటని అడుగుతారు. మజ్జిగలోని మంచి బాక్టీరియా అన్నాన్ని పులియబెడుతుంది, ఆ పులుపు చెడ్డ క్రిముల పెరుగుదలను అణచిపెడుతుంది. అందుకని మజ్జిగ రాత్రే, అన్నం చల్లారిన వెంటనే కలపాలి. రాత్రంతా ఊరికే ఉంచి తెల్లవారి కలిపితే, అప్పటికే తయారైన విషాన్ని పులుపు పోగొట్టలేదు.

రెండవది పశువుల కొట్టం. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, ఈ జాతి క్రిమి వల్లనే వస్తుంది. నిన్నటిదాకా బాగున్న గొర్రె గాని, పశువు గాని హఠాత్తుగా చచ్చిపోయి, ముక్కునుండి, నోటినుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారితే, దానిని కోయకండి, చర్మం ఒలవకండి, మాంసం పంచుకోకండి. నెత్తురు గాలికి తగిలితే క్రిములు బీజాలుగా మారి ఆ మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. స్కాట్లండు దగ్గర గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో 1942లో ఈ క్రిమితో ప్రయోగాలు చేశారు. ఆ దీవి మళ్ళీ సురక్షితమని ప్రకటించడానికి 1990 దాకా పట్టింది. వెంటనే పశువుల డాక్టరుకు కబురు చేసి, ఆయన చెప్పినట్లు పూడ్చండి. ఒక మేక మాంసం వృథా అయిందని బాధపడి ఒక మనిషిని పోగొట్టుకోవద్దు.

మూడవది గాయం. ధనుర్వాతం క్రిమి బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా, కొడవలి తెగినా సబ్బు నీళ్ళతో కడిగి, టీకా వేయించుకోండి. పసిబిడ్డ బొడ్డుపై పేడ గాని, బూడిద గాని ఎన్నడూ రాయవద్దు. గర్భిణీలకు టీకాలు, ఆసుపత్రి కాన్పుల వల్లనే మన దేశం 2015లో తల్లీ పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. ఆ మేలును మన అజాగ్రత్తతో పోగొట్టుకోకూడదు.

నాలుగవది పసిపిల్లల నోరు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం అనేక ఇళ్ళలో ఉంది. తేనెలో బొట్యులిజం క్రిమి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తవు, పసివారి పేగుల్లో మొలకెత్తి ప్రాణం మీదికి తేగలవు. ఏడాది నిండేవరకు తేనె పెట్టవద్దని అమ్మమ్మలకు, నాయనమ్మలకు మర్యాదగా చెప్పండి.

ఇక చార్మినార్ సంగతి. బట్టీ మీద సెగలు కక్కే డేగిసాలోనుండి వడ్డించిన హలీం తినడానికి సందేహించనక్కరలేదు. వేడి తగ్గనంతవరకు బీజం నిద్రలేవదు. అదే హలీం పొట్లం కట్టించుకుని, బస్సులో ఐదారు గంటలు ఒళ్ళో పెట్టుకుని, ఊళ్ళో పిల్లలకు పంచాలనుకుంటే మాత్రం ఆలోచించండి. పిల్లలకు ఆ ఊరినుండి గాజులు తీసుకువెళ్ళండి. హలీం అక్కడే తినండి.